లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యము

కల్యాణ పట్టణమున భక్తిభండారి బసవేశ్వరుని మహామనె ముంగిట ప్రతిదినమును అసంఖ్యాకులగు జంగమములకు దాసోహము జరుగుచుండెను. అంతమందికి వండు బియ్యమును కొలుచునపుడును, మోయునపుడును, చెరుగునపుడును కొన్ని గింజలు నేలరాలుట సహజము. అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చి చేరిన మారయ్య అను శరణుడు ఆ రాలిన గింజలను ఏరుటయే తన కాయకముగా చేసికొనెను. ఏరిన బియ్యమును కన్నడమున ఆయ్దక్కి యందురు గనుక ఆయనకు ఆయ్దక్కి మారయ్య అను పేరు నిలిచినది. ఏ పూటకు ఆ పూట ఆయన తెచ్చిన గింజలను భార్య లక్కమ్మ వండి, జంగమార్చన గావించిన పిమ్మట దంపతులు ప్రసాదము స్వీకరించుచుండిరి. రేపటికని దాచుకొన్నది ఆ యింట లేదు.

ఆ దంపతుల స్థితిని గమనించిన బసవేశ్వరుడు ఒకనాడు కావలెననియే ముంగిట ఎక్కువ బియ్యము చల్లించెనని శరణుల కథలలో చెప్పుదురు. పరీక్షించుటకని కొందరు, కరుణచేతనని కొందరు అందురు. మారయ్య మూట కట్టుకొని సంతోషముతో ఇల్లు చేరెను. లక్కమ్మ మూటను చేత పట్టి చూచెను. అది నిత్యము వచ్చు కొలత కాదు. ఇంత బియ్యము ఎట్లు వచ్చినదని భర్తను ప్రశ్నించి, తమ కాయకమునకు మించినది తమది కాదని చెప్పి, అధికమును ఎచట తీసిరో అచటనే పోసి రమ్మని పంపెను. మారయ్య మారుమాటాడక పోయి పోసి వచ్చెను.

ఈ కథను చెప్పునపుడు ఉపన్యాసకులు లక్కమ్మ నిస్పృహను కొనియాడి అచటనే ముగింతురు. అది యుక్తమే. కాని కథలో మరియొక వ్యక్తి కలడు. ఆయన సాక్షాత్తు బసవేశ్వరుడు. బిజ్జలుని భాండాగారమునకు అధిపతియై, రాజ్యపు ఆదాయవ్యయములను వ్రేలి కొసన లెక్కింపగల ఆ మహానుభావుని ఉద్దేశమునందు లేశమైనను దోషము లేదు. ఇచ్చినది ఉత్తమమైన బియ్యము. పుచ్చుకొనువారు నిజముగా నిరుపేదలు. లేనిదెల్ల ఒక్కటియే: ఆ యింటికి ఏమి కావలెనో ఆ యింటి ఇల్లాలిని ఎవరును అడుగలేదు. అడుగక చేసిన మేలు సాయంకాలమునకు ముంగిటికి తిరిగి వచ్చినది. బసవేశ్వరుని గొప్పతనము బియ్యము చల్లించుటలో కంటె, అది తిరిగి వచ్చినపుడు ఆగ్రహింపక లక్కమ్మకు శిరసు వంచుటలో ఎక్కువగా కానవచ్చును. ఏరిన గింజలతోనే ఆ దంపతులు పిదప జంగమ సమూహమును పిలిచి దాసోహము జరిపిరని, బసవేశ్వరుడు ఆ పంక్తిలో కూర్చుండెనని కథ ముగియును. నేలపై గింజలు ఏరుకొను చేతులకు పెట్టు శక్తి లేదని లోకము తలచినది, లోకము పొరబడినది.

ఆ కల్యాణము హైదరాబాదు నగరమునకు పరాయిది కాదు. నేటి బసవకల్యాణము 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాజ్యమునందలి బీదరు జిల్లాలోనే ఉండెను. బీదరు, గుల్బర్గా, రాయచూరు సీమలనుండి చదువునకును వ్యాపారమునకును వచ్చిన ఎన్నో వీరశైవ కుటుంబములు 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో దిగియే ఈ నగరమును మొదట చూచినవి. స్టేషను వెలుపల మూటను నెత్తికెత్తుకొన్నవాడు ఎవరు, రిక్షా లాగినవాడు ఎవరు, వారు రాత్రి ఎచట తల వాల్చుకొనిరి అని ఆ కుటుంబములలో ఎందరు విచారించిరో చెప్పుట కష్టము.

ఆబిడ్స్ అను పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువున ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అను అర్మేనియా వంశీయుని అంగడినుండి వచ్చినది. అంగడివాని పేర ఒక ప్రాంతమే వెలసినది. ఆ అంగడికి పెట్టెలు మోసినవాని పేరు ఎచటను లేదు. ఆబిడ్స్ వీథులలో గాజు తలుపుల దుకాణములు, 1935లో నిర్మించిన మొజంజాహీ మార్కెట్టు రాతి గోపురము, నాంపల్లిలో ఎగ్జిబిషను మైదానము, యూసుఫైన్ దర్గా, పబ్లిక్ గార్డెన్సు అందరికిని కనబడును. వాటి వెనుక హబీబ్ నగరు, అఫ్జల్ సాగరు, మాంగారు బస్తీ వంటి చోట్ల, ఇద్దరు ఎదురుపడిన ఒకరు గోడకు ఒదిగి నిలువవలసిన సందులు కలవు. ఉదయము దుకాణపు మెట్లు కడుగు స్త్రీ, లారీనుండి బస్తాలు దించు హమాలీ, శుభకార్యమునకు పందిరి వేయువాడు, కాలిబాటపై పండ్లమ్ము ముదుసలి ఇట్టి సందులనుండియే వత్తురు. శరణుల భాషలో చెప్పవలెనన్న వీరు కాయకజీవులు. వ్యాపార సంఘముల అర్జీలలో వీరి నివాసమునకు మరియొక పేరు కలదు, అది ఆక్రమణ.

ఇట్టి వాడలను బాగుచేయవలెనను మాట ఈ నగరమున నూరేండ్లకు పైబడినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణములను పొట్టనబెట్టుకొనిన పిదప, ఏడవ నిజాము కాలమున 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు అని దాని ఇంగ్లీషు పేరు. ఆ మండలి తొలినాళ్ళలో చేపట్టిన మురికివాడల తొలగింపు పనులలో నాంపల్లి ఒకటి. ఇరుకు సందులను తీసివేసి వెడల్పు వీథులు వేసిరి, మురుగు కాలువలు త్రవ్వించిరి, మల్లేపల్లి మొదలగు చోట్ల అద్దెకు ఇచ్చుటకు వరుసలుగా ఇండ్లు కట్టించిరి. ఆ కాలమునకు అది సామాన్యమైన పని కాదు. నేటికిని పాతవారు ఆ ఇండ్లను సి.ఐ.బి. క్వార్టర్సు అనియే పిలుతురు. అయితే మండలిలో కూర్చున్నవారు ఏలికచే నియమింపబడినవారు. కూల్చవలసిన వాడలో నివసించువానికి అచట ఆసనము లేదు. అద్దె ఇంటి పథకమున అద్దె చెల్లింపలేనివాడు గడప వెలుపలనే ఉండును. అతడు మరియొక ఖాళీ జాగా వెదకుకొని మరల తడిక కట్టుకొనును. నగరము మరల దానిని మురికివాడ అనును. నాటినుండి ఈ చక్రము ఎన్నిమార్లు తిరిగెనో!

చక్రమును ఆపుటకు ఈ నగరముననే ఒక ప్రయత్నము జరిగినది. అది దేశమునకు ఆదర్శమని పేరుపొందినను నగరవాసులే దానిని మరచిరి. కావున కొంత విపులముగా చెప్పవలసియున్నది.

1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సామాజికాభివృద్ధి పథకమును ఆరంభించెను. ఇంగ్లీషు పొడి అక్షరములలో యు.సి.డి. అని ప్రసిద్ధము. అంతకు ముందే 1958లో ఢిల్లీలో ఫోర్డు ఫౌండేషను తోడ్పాటుతో ఇట్టి యత్నము జరిగియుండెను. తరువాత కేంద్ర ప్రభుత్వము పలు పట్టణములలో ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టగా, అనేక చోట్ల అది చల్లారిపోయినది. హైదరాబాదులో నిలిచి పెరిగినది. 1970 దశకమున యూనిసెఫ్ సంస్థ తోడయినది. నిలిచి పెరుగుటకు కారణము ధనము కాదు. ఆరంభమున ఆ పథకము చేతిలో ధనము బహు స్వల్పము. ఆ స్వల్పతయే దానికి మేలు చేసినదని కూడ చెప్పవచ్చును. ఇచ్చుటకు ఏమియు లేనివాడు వినక తప్పదు గదా!

పథకపు కార్యకర్తలు బస్తీకి పోయి పటములు పరచలేదు. ముందుగా సందు సందు తిరిగిరి, అరుగులపై కూర్చుండిరి, వారికి ఏది ముందు కావలెనో అడిగిరి. కొన్ని చోట్ల తల్లులు పనికి పోవునపుడు పసివారిని చూచు బాలవాడి కావలెననిరి. కొన్ని చోట్ల కుట్టుపని నేర్పు కేంద్రము, కొన్ని చోట్ల నల్లా, కొన్ని చోట్ల రాత్రిబడి. బస్తీవారు తమవంతుగా ఒక గదినో, కొంత చందానో, తమ చేతి కష్టమునో ఇచ్చినగాని కార్పొరేషను తనవంతు ఇచ్చెడిది కాదు. పురుషులకు బస్తీ సంక్షేమ సంఘములు, స్త్రీలకు మహిళా మండలులు ఏర్పడినవి. వీరశైవ పరిభాషలో దీనిని వివరింప మిగుల సులభము. వారు కాయకమును ముందు పెట్టి దాసోహమును వెనుక పెట్టిరి. కార్పొరేషను దాత, బస్తీ యాచకుడు అను సంబంధమును తొలగించి, ఇరువురును ఒకే పనికి తమ తమ వంతు తెచ్చు కాయకులుగా నిలిచిరి.

ఈ విధముగా కొన్ని ఏండ్లు గడచి నమ్మకము కుదిరిన తరువాతనే ఇండ్ల ప్రస్తావన వచ్చినది. 1970 దశకపు చివరనుండి ప్రభుత్వము నివసించుచున్న జాగాకే పట్టాలు ఇచ్చుటకు పూనుకొనెను, బ్యాంకులు ఋణములు ఇచ్చినవి, కార్పొరేషను నీరు, మురుగు కాలువ, దీపము, బాట సమకూర్చినది. ఇల్లు మాత్రము ఇంటివారే కట్టుకొనిరి. గుడిసెలు క్రమమెరుగక లేచిన చోట బాట వేయవలెనన్న ఎవరో ఒకరు కొంత జాగా వదలుకొనక తప్పదు. ఎవరు ఎన్ని అడుగులు వదలవలెను అను తగవు కార్యాలయమున తేలునది కాదు. పోలీసులను తెచ్చిన తేలును గాని, మరునాడు తడిక మరల ముందుకు జరుగును. ఇరుగుపొరుగువారు తామే ఎదురెదురుగ నిలిచి, ఒకడు గోడను వెనుకకు జరిపి, వానికి వెనుకనున్నవాడు కొంత చోటిచ్చి సర్దుకొన్నపుడే ఆ బాట నిలుచును. నాలుగు అడుగుల నేల కొరకు అన్నదమ్ములు కోర్టునకెక్కు లోకమున, ఉన్నదే ఇరువది అడుగులైన పేదవాడు ఒక అడుగు వదలుకొనుట ఎంతటి త్యాగమో నిండు ఇండ్లలో నివసించువారు ఊహింపజాలరు.

ఇట్టి మార్గమే 1980లో కరాచీ నగరపు ఓరంగీ వాడలో అఖ్తర్ హమీద్ ఖాను అను వృద్ధుడు పట్టెను. అచట ఒక్కొక్క సందులోని ఇరువది, ముప్పది ఇండ్లవారు చేరి, తమలో ఒకనిని పెద్దగా ఎన్నుకొని, తామే డబ్బు పోగుచేసి, తమ సందు మురుగు గొట్టమును తామే వేసికొనిరి. పెద్ద కాలువ బాధ్యత ప్రభుత్వమునకు విడిచిరి. దేశము వేరు, మతము వేరు. సందు మాత్రము అఫ్జల్ సాగరు సందు వంటిదే.

హైదరాబాదు పథకమునకు 1980 దశకమున బ్రిటను ప్రభుత్వపు ధనసహాయము వచ్చి చేరినది. అటుపిమ్మట విశాఖపట్టణము, విజయవాడలకును ఈ విధానము పాకినది. బస్తీలకు వచ్చిన బాటలు, కాలువలు, వీథిదీపములు వేలాది కుటుంబములకు మేలు చేసినవి, అది కాదనరానిది. కాని ధనము పెద్దదైన కొలది లెక్క మారినది. ఈ సంవత్సరాంతమునకు ఇన్ని మీటర్ల బాట, ఇన్ని సామాజిక భవనములు అను లక్ష్యములు ముందుకు వచ్చినపుడు, అరుగుపై కూర్చుండి వినువాని పని మెల్లగా కనబడును. వినుట ఏ పద్దులోను చేరదు. సామాజిక భవనమును ఎచట కట్టవలెనో అడుగక కట్టినచోట దానికి తాళము పడినది, లేదా ఒక పెద్దమనిషి సొంతమైనది. యు.సి.డి. విభాగము పేరు కార్పొరేషనులో నిలిచినను, తరువాతి దశాబ్దములలో పొదుపు సంఘములు, వాటి ఋణములు దాని ముఖ్యమైన పనియైనవి.

ఇచట సొన్నలిగె సిద్ధరాముని చరిత్ర జ్ఞప్తికి రావలసినది. నేటి షోలాపురమే నాటి సొన్నలిగె. సిద్ధరాముడు అచట చెరువు త్రవ్వించెను, దేవాలయములు కట్టించెను, వేలమందికి పని కల్పించెను. లోకోపకారమున ఆయనకు సాటి లేరు. అట్టివాని పనిచోటికి అల్లమప్రభువు వచ్చి, మీ ఒడ్డెరవాడు ఎక్కడ అని పనివారిని అడిగెనట. రాళ్ళు మోయుచున్నవారు తమ గురువును అట్లు అనినందుకు అలిగి ప్రభువుపై రాళ్ళు రువ్విరట. చెరువు త్రవ్వుట తప్పని ప్రభుని భావము కాదు. కట్టడమును చూచుకొని, నేను కట్టితిని అను తలపు కట్టడము కంటె ఎత్తుగా లేచినదని ఆయన సూచన. సిద్ధరాముడు గ్రహించెను, తట్టను దించి కల్యాణమునకు నడచి, అనుభవ మంటపమున పదుగురి నడుమ కూర్చుండెను. తరువాతి కాలమున ఆయనయే శూన్యసింహాసనమునకు అధ్యక్షుడయ్యెను. నగరములను నిర్మించు ఇంజనీరులకు, అధికారులకు, మంత్రులకు ఇంతకంటె గౌరవప్రదమైన పూర్వుడు వేరొకడు దొరకడు. చెరువు త్రవ్వు విద్య ఆయనకు తెలియును. తట్ట దించి వినుటయు తెలిసికొనెను.

చట్టములు లేక కాదు. 1993 జూను 1నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 74వ సవరణ మూడు లక్షలు దాటిన జనాభా గల నగరములలో వార్డు కమిటీలు ఉండవలెననెను. 2014 నాటి వీథి వర్తకుల చట్టము పట్టణ వర్తక కమిటీలో నూటికి నలుబది పాళ్ళకు తక్కువ కాకుండ వీథి వర్తకుల ప్రతినిధులే ఉండవలెనని, వారిలో మూడవ వంతు స్త్రీలు కావలెనని శాసించెను. ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకములు పరచువానికి తన చోటు గూర్చిన నిర్ణయమున మాట చెప్పు హక్కు దీనివలన కలిగినది. ఆ కాలిబాటపై పుస్తకములు కొని చదివి ఉద్యోగస్థులైనవారు వీరశైవ కుటుంబములలోను కొల్లలుగా కలరు. వారిలో ఎందరికి ఈ హక్కు సంగతి తెలియును?

కాయకమునకును నివాసమునకును గల ముడిని పటములు గీయువారు తరచుగా మరతురు. 2015లో బన్సీలాలుపేట చెంత ఐ.డి.హెచ్. కాలనీలో పాత ఇండ్లు తీసి, ఆ చోటనే 396 రెండు పడకగదుల ఇండ్లు కట్టి అచటివారికే ఇచ్చిరి. 2023లో నగరము వెలుపల బాహ్యవలయ రహదారి చెంతనున్న కొల్లూరులో 15,660 ఇండ్లు ఒక్కచోట సిద్ధమైనవి. నగరపు పేదలకు లాటరీపై లభించినవి. గోడలు, మరుగుదొడ్డి, మెట్లు, నల్లా చూచిన రెండవదియు గుడిసె కంటె వేయి రెట్లు మేలు. ఆ ఇంటి తాళము చేత పట్టిన తల్లి కన్నీరు అబద్ధము కాదు. అయినను నాంపల్లిలో తెల్లవారుజామున మెట్లు కడుగవలసిన స్త్రీకి కొల్లూరునుండి బస్సు ఏ వేళకు బయలుదేరును? రాత్రి చివరి రైలు మూట దించినవాడు ఎట్లు ఇల్లు చేరును? కాయకము ఒకచోట, కప్పు ఒకచోట అయినపుడు ఏదో ఒకటి జారిపోవును. చాలమార్లు ఇల్లే అద్దెకు పోవును, మనిషి మరల పాత సందునకే వచ్చును. అప్పుడు లోకము, వీనికి ఇల్లిచ్చినను ఉండడు, వీని బుద్ధి ఇంతే అనును. ముంగిట తిరిగి వచ్చిన బియ్యమును చూచి లక్కమ్మను నిందించినట్లే గదా ఇది! కట్టడము స్థావరము. దానిలో నివసించుచు, పనికి పోవుచు వచ్చుచు ఉండు ప్రాణి జంగమము. జంగమమును విచారింపక స్థావరమును లెక్కించుట శరణ ధర్మమున కుదురదు.

వేరొక పక్షమును కూడ దాచరాదు. నీటి దారిలో ఇల్లు కట్టిన నీరు ఊరకుండదు. 1908 దానికి సాక్షి. 2025 సెప్టెంబరులో ఒక్క సాయంకాలపు కుండపోతకు అఫ్జల్ సాగరు నాలాలో ఇద్దరు కొట్టుకొనిపోయిరి. అట్టి చోటనుండి కొన్ని ఇండ్లు తరలవలసియే ఉండవచ్చును. బస్తీవారి మాట వినవలెనన్న, వారు అడిగినదెల్ల చేయవలెనని అర్థము కాదు. కాని తరలవలసిన వార్త చేరు విధమొకటి కలదు. 2024లో మూసీ ఒడ్డున ఇండ్ల గోడలపై అధికారులు ఎర్ర రంగుతో ఆర్.బి.ఎక్స్. అను అక్షరములు వ్రాసినపుడు, ఆబిడ్సుకు కూతవేటు దూరమున అనేక కుటుంబములు తమ భవిష్యత్తును తమ గోడమీదనే చదువుకొనవలసి వచ్చినది. కొందరు ఇచ్చిన ఇండ్లకు తరలిరి, కొందరు ఎదిరించిరి. నది బాగుపడవలెను అనుటలో భేదాభిప్రాయము ఎవరికి? అక్షరములు తెలియని అవ్వకు ఆ రంగు ఏమి చెప్పినదో, ఆమెతో ఎవరు మొదట మాటాడిరో అన్నదే ప్రశ్న. వర్షపు రాత్రి నీరు ఏ గోడ చెంత మొదట ఎక్కునో, ఏ మెట్టు వరకు వచ్చునో ఆమెకు తెలిసినట్లు ఏ పటమునకును తెలియదు. ఆ జ్ఞానమును తీసికొనక చేసిన వరద పథకము కూడ అసంపూర్ణమే.

బస్తీవారి నడుమ ఐకమత్యము లేదు, వారిని పిలిచిన తగవులే మిగులును అని కొందరు పెద్దలు అందురు. ఇది అసత్యము కాదు. సొంత గుడిసె ఉన్నవాని లాభము వేరు, దానిలో అద్దెకున్నవాని లాభము వేరు. సందు పెద్ద తన పార్టీవారినే లెక్కలో చేర్చును. పురుషులు మాటాడుచుండగా స్త్రీలు వెనుక నిలుతురు. కాని అనుభవ మంటపమున తగవులు లేకుండెనా? అచట మడివాలు మాచయ్య బట్టలుతుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, నులి చందయ్య త్రాళ్ళు పేనువాడు, సత్యక్క వీథులూడ్చునది. చౌడయ్య మాట ఎంత పదునైనదో ఆయన పేరు విన్నవారికెల్ల తెలియును. వైరాగ్యముతో వచ్చిన అక్కమహాదేవినే అల్లమప్రభువు ప్రశ్నలతో నిలువరించెను. ఆమె సమాధానము చెప్పినగాని మంటపము ఆమెను అక్క అని అంగీకరింపలేదు. మంటపమును నిలిపినది ఏకాభిప్రాయము కాదు. ఎవని కాయకము ఏదైనను వాని మాటను మధ్యలో త్రుంచరాదు అను ఒక్క నియమము. దానికి చెల్లించిన మూల్యము స్వల్పమా? చెప్పులు కుట్టు హరళయ్య ఇంటికిని బ్రాహ్మణ మధువరసు ఇంటికిని కుదిరిన వియ్యము కొరకు ఆ ఇరువురు తండ్రులు ప్రాణములిచ్చిరి. అట్టి పరంపరకు వారసులమని చెప్పుకొనువారు బస్తీ సమావేశపు కేకలకు బెదరుట తగదు.

కావున ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతమున దుకాణములు, ఇండ్లు, సత్రములు గల కుటుంబములకును, మఠములకును చేయవలసిన పని కలదు. మురికివాడను తొలగింపుడని పంపు అర్జీపై చేవ్రాలు పెట్టుటకు ముందు, తన దుకాణమున పనిచేయు ఎందరు ఆ వాడలో నివసించుచున్నారో యజమాని ఒకమారు లెక్క చూచుకొనవలెను. ఈ లెక్కకు కాగితము కూడ అక్కరలేదు, కౌంటరు వెనుకనుండి తల యెత్తి చూచిన చాలును. మఠములకు విశాలమైన హాలులు కలవు. పర్వదినములందు అన్నదానము జరిగి తక్కిన దినములందు అవి మూతపడియుండును. బస్తీకి చోటు లేదు, ప్రభుత్వ కార్యాలయమున బస్తీకి ధైర్యము లేదు. ఇరువురికిని నడుమ మఠము ఆ హాలును తెరచిన, అదియే నేటికి తగిన దాసోహము. మఠము ఏ పక్షమును వహింపనక్కరలేదు. పథకము మంచిదో చెడ్డదో చెప్పనక్కరలేదు. ప్రతి ఇంటినుండి ఒకరు, అద్దెవారినుండియు ఒకరు వచ్చునట్లును, వచ్చినవారి మాట వ్రాయబడునట్లును, వ్రాసినది వారి భాషలో వారికి చదివి వినిపించునట్లును చూచిన చాలును. నాంపల్లి సందులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము అన్నియు వినబడును. నాలుగును తెలిసిన పెద్దలు మఠములలో కొందరైనను ఉందురు.

ఆ సమావేశమును పగలు పెట్టరాదు; పగలు వచ్చినవాడు ఒకనాటి కూలి పోగొట్టుకొనును, కూలి పోగొట్టుకొనలేనివాడు రాడు. దుకాణములు కట్టివేసి, హమాలీలు చివరి బస్తా దించి, పనిమనుషులు తమ ఇంటి వంట ముగించిన తరువాత, రాత్రి తొమ్మిది గంటలకు మొదలుపెట్టవలెను. కుర్చీలు అధికారులకొరకు వేసి చాపలు బస్తీవారికి పరచుట కూడదు, అందరికిని చాపయే. కార్పొరేషనువారు తెచ్చు పటమును గోడకు తగిలించిన ముందు వరుసలోని నలుగురికే కనబడును. దానిని హాలు నడుమ నేలపై పరచి, సుద్దముక్క ఒకటి పక్కన ఉంచి, తన ఇల్లు, తన నల్లా, వర్షాకాలమున నీరు నిలుచు చోటు ఎవరికి వారు వంగి గుర్తుపెట్టుటకు వీలు కల్పింపవలెను. స్త్రీలు ముందుగా గుర్తుపెట్టిన పిదప పురుషులు మొదలుపెట్టుదురు గాక.